పెండ్లిగోడ అక్షరాలు

పోయినవి ముందు చెబుతాను. ఉన్నవి చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. మా ఊరు కేతేపల్లిలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ మా బాపు తన చేత్తో పెండ్లి పేర్లు రాసిన గోడలు నా ఎరుకలో అరవై ఒకటి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయినవి తొమ్మిది. పాత ఇల్లు పడగొట్టి స్లాబు పోసుకున్నప్పుడు పోయినవి ఇరవై రెండు. సిమెంటు వాళ్ళో, పార్టీల వాళ్ళో, కాన్వెంటు బడుల వాళ్ళో మీద రంగు కొట్టి తమ మాటలు రాసుకున్నవి పంతొమ్మిది. వానకు నాని పెళ్ళలు పెళ్ళలుగా రాలినవి ఏడు. ఇక్కడికి యాభై ఏడు. పోయిన నెల దానయ్య మామ ఇంటి ముందు గోడను జేసీబీ ఒక్క నెట్టుకు నెట్టేసింది. అది యాభై ఎనిమిదోది. గోడలు కాక, ఉడుత వెంట్రుకల కుంచెలు, రంగు కలిపే కొబ్బరి చిప్పలు, నీలిమందులో ముంచి గీత కొట్టే నూలు ఉండ, ఇవన్నీ ఎప్పుడు ఎటు పోయాయో ఇంట్లో ఎవరికీ తెలియదు. వీటన్నిటికంటే ముందు పోయింది బాపు కుడి చెయ్యి. బాపు ఆ తర్వాత కొన్నేళ్ళకు పోయాడు.

ఇప్పటికీ జేసీబీ చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని వదిలి బండి తీసి, అది ఎవరి ఇంటి దగ్గర ఆగిందో చూసి వస్తాను. నా భార్యకు ఇది అలవాటైపోయింది. బాపు రాసిన గోడేమోనని చూడడానికి వచ్చానని మొదట్లో చెప్పేవాణ్ణి. జనం వింతగా చూస్తుంటే చెప్పడం మానేశాను. మూడు గోడలు మిగిలాయి కదా, వాటిలో ఒకటైనా అదే రోజు కూలుతుందేమోనన్నది నా భయం. ఆ భయం ఎందుకో చెప్పాలంటే మన రాష్ట్రం వచ్చిన కొత్త రోజుల దగ్గరికి పోవాలి. అప్పటికి నాకు పెండ్లి కాలేదు, బాపు చెయ్యి వణకడం మొదలైంది.

మా వైపు పెండ్లి కుదిరిందంటే ముందు సున్నం తెస్తారు. ఇంటి ముందు గోడకు రెండు పూతలు సున్నం వేసి, కింది అంచుకు ఎర్రమట్టి జాజు పూసి, అది ఆరినాక పెయింటర్‌ను పిలుస్తారు. ద్వారానికి ఒక పక్క పిల్ల పేరు, ఇంకో పక్క పిల్లగాని పేరు, పైన శుభ వివాహం. పెండ్లి అయిపోయి పందిరి విప్పినా రాత ఉంటుంది. పిల్ల అత్తవారింటికి పోయి, ఆమెకు పిల్లలు పుట్టి, వాళ్ళు సెలవులకు అమ్మమ్మ ఇంటికి వచ్చి ఆ గోడ మీదే కూడబలుక్కుని అమ్మ పేరు చదువుకుంటారు. ఆ ఇంట్లో మళ్ళీ ఇంకో లగ్గం వచ్చి దాని మీద సున్నం పడే దాకా ఆ పేర్లు ఎండకు వెలుస్తూనే ఉంటాయి. ఊళ్ళో ఎవరింటికైనా దారి అడిగితే, ఫలానా పిల్ల పేరున్న గోడ దాటినాక రెండో ఇల్లు అని చెప్పేవాళ్ళు.

బాపు పేరు సత్తయ్య. ఆయన రాసిన అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు. ఆయన 'ల' తోక పిల్లి తోకలా పైకి లేచి మెలిక తిరిగేది. ఆయన 'మ' నడుం మీద బిందె పెట్టుకున్న మనిషిలా ఒక పక్కకు ఒరిగేది. 'అ' కడుపు నిండా జొన్నగింజలంత చుక్కలు ఉండేవి. తలకట్టు ఉన్నచోటల్లా ఒక చిలుక వాలేది. ఒత్తు అంటే ఆయనకు సంకన పిల్ల. పై అక్షరం కొంచెం వంగి ఆ పిల్లను ఎత్తుకున్నట్టు రాసేవాడు. చిలుకలన్నీ ద్వారం వైపే చూడాలి. ద్వారానికి కుడి పక్కన రాస్తే ఎడమకు, ఎడమ పక్కన రాస్తే కుడికి. బయటికి చూసే చిలుక ఇంట్లోది బయటికి మోసుకుపోతుందని ఆయన నమ్మకం. సోడా బండికీ, టిఫిన్ హోటల్‌కీ, చిన్నపిల్లల బడికీ ఆ అక్షరాలు రాసేవాడు గానీ, చావుకు రాయడు, తిట్టుకు రాయడు. ఒకాయన ఇక్కడ చెత్త వేయరాదని రాయమంటే మామూలు అక్షరాలు రాసి ఇచ్చాడు. చిలుకలతోటి మనిషిని కసురుకోవద్దని చెప్పాడు.

రాష్ట్రం వచ్చిన ఏడాది బాపుకు ఊపిరి తిరగలేదు. బడులకూ, పంచాయతీ ఆఫీసులకూ పాత రాష్ట్రం పేరు చెరిపి తెలంగాణ అని రాయాలి. సర్కారు బోర్డు కాబట్టి బుద్ధిగా రాయమనేవాళ్ళు. రాసేవాడు, కానీ చివరి 'ణ' తోకను ఒక్క రవ్వ మెలిపెట్టకుండా ఉండలేకపోయేవాడు. అటువంటి ఒక బడి బోర్డు మీదే నేను మొదటిసారి చూశాను. 'త' గుండ్రం మూసుకునే చోట గీత సన్నగా, వాగు నీళ్ళలో ఇసుకలా, అలలు పోయింది. అడిగితే నిచ్చెన కదిలిందన్నాడు. తర్వాత బోర్డు బల్ల మీద పెట్టి రాసినప్పుడూ అట్లాగే వచ్చింది. నల్గొండ దవాఖానలో డాక్టరు పరీక్ష చేసి, ఇది నరాలది, తగ్గేది కాదు, గోలీలతో కొంత అదుపులో ఉంటుందని చెప్పాడు. పొద్దున గోలీ వేసుకున్నాక కొంతసేపు చెయ్యి నిలుస్తుంది. ఆ కొంతసేపు పోను పోను తగ్గుతుంది.

ఇంట్లో అన్నీ ఆ గోలీ చుట్టూ తిరిగేవి. అమ్మ తెల్లవారగానే వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, పొయ్యి మీద చాయ్ పెట్టేది. బాపుకు ఎప్పుడూ నిండు గ్లాసు ఇచ్చేది, ఇప్పుడు సగం పోసి ఇవ్వడం మొదలుపెట్టింది. గ్లాసు ఖాళీ అయ్యాక అమ్మ కళ్ళు ఆయన అంగీ మీదికీ, నా కళ్ళు ఆయన వేళ్ళ మీదికీ పోయేవి. చుక్క పడకపోతే ఆ రోజు మంచిదే. పడితే ఇద్దరం వేరే మాటలు మాట్లాడేవాళ్ళం. ఇల్లంతా టర్పెంటైన్ వాసన, దానిలో కలిసి పచ్చి సున్నం వాసన. ఇప్పుడు నా దుకాణంలో ఫ్లెక్సీ సిరా వాసన కూడా ఘాటుగానే ఉంటుంది గానీ, అది ఇంటిదాకా రాదు.

నేను అప్పటికి నకిరేకల్‌లో ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో పనిచేసేవాణ్ణి. చదువు ఇంటర్‌తో ఆగింది. లెక్క మాత్రం నిమ్మకాయల మార్కెట్లో బస్తాల తూకం దగ్గర నోటికి పట్టింది, కంప్యూటర్ పని చూసి చూసి చేతికి పట్టింది. ఫ్లెక్సీలు వచ్చాక గోడరాతకు పిలుపులు తగ్గాయి. ఫ్లెక్సీ మీద అక్షరాలు అన్ని ఊళ్ళలో ఒకటే. బాపు చెయ్యి పూర్తిగా పోయే లోపల ఆయన అక్షరాలన్నీ కాగితం మీద రాయించి, వాటిని కంప్యూటర్లో ఎక్కించి ఫాంటు చేస్తే ఎవరైనా కొట్టుకోవచ్చని నాకు తట్టింది. తట్టిన రోజే లెక్క వేశాను. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, ఒత్తులు, అతకక విడిగా గీయవలసిన కొన్ని జంటలు, అంకెలు, అన్నీ కలిపితే నూట ఎనభై నాలుగు. బాపు చెయ్యి నిలిచే ఆ కొంతసేపట్లో మూడో నాలుగో అక్షరాలు వస్తాయి. అవి అయిపోయేసరికి చెయ్యి ఉంటుందా? ఈ లెక్కను ఎన్నిసార్లు వేసినా చివర అదే ప్రశ్న మిగిలేది.

మొదటి రోజే అడ్డం పడింది. డ్రాయింగు షీటు పరిచి, 'క' రాయమన్నాను. బాపు కుంచె పట్టుకుని కూర్చున్నాడు, రాయలేదు.

"ఎవరికి?" అన్నాడు.

"ఎవరికి లేదు బాపూ. ఉత్త క."

"ఉత్త క ఎట్ల రాస్తరు? ఎవరి ఇంటికో, ఏ పేరో చెప్పు."

నేను బతిమాలాను. రాశాడు గానీ అది బాపు 'క' కాదు, బడిపిల్లలది. చిలుక లేదు, ఒరుగు లేదు. పక్కన ఏ అక్షరం ఉంటుందో తెలియకపోతే ఇది ఎటు ఒరగాలన్నాడు ఆయన. ఇంకో మాట కూడా అడిగాడు. "తలుపు ఏ దిక్కున్నదో నీ కంప్యూటర్‌కు ఎట్ల తెలుస్తది?" నేను చాలాసేపు ఆలోచించి, చిలుకలను అటొకటి ఇటొకటి తిప్పి రెండు ఫాంట్లు చేస్తానని చెప్పాను. దానికి సరే అన్నాడు. అక్షరాలకు మాత్రం పేర్లు కావాలన్నాడు. చివరికి ఒప్పందం కుదిరింది. ఆ రోజుకు కావలసిన అక్షరాలు నేను చెప్పాలి, వాటికి పేర్లు ఆయనే తెచ్చుకుంటాడు. ఆయనకు తెలిసిన రాత పెండ్లి రాత. అందుకని ప్రతి షీటు మీదా ఒక పిల్ల, ఒక పిల్లగాడు, పైన శుభ వివాహం. ఘ కావాలంటే ఘనశ్యాం, ఛ కావాలంటే ఛాయాదేవి. వాళ్ళిద్దరికీ షీటు మీద లగ్గం చేసేసేవాడు. వాన రోజులు కావడంతో ఇంట్లో తడి ఆరేది కాదు. అమ్మ వాకిట్లో చెట్టుకూ స్తంభానికీ కట్టిన బట్టల తాడు మీద, చీరలు ఆరేసినట్టు షీట్లు ఆరేసేది. దారిన పోయేవాళ్ళు నిలబడి చదివి నవ్వేవాళ్ళు. సత్తయ్య ఇంట్లో లగ్గాలు రోజూ జరుగుతున్నాయని ఊళ్ళో హాస్యం పుట్టింది. బాపు కూడా నవ్వేవాడు. చెయ్యి వణకడం మొదలైనాక ఆయన అంత ఉషారుగా ఉన్న రోజులు అవే.

నూట యాభై అక్షరాలు అయ్యాయి. ఆ నూట యాభైలో చివరివి ఝ, ఠ. అవి రెండూ అరుదైన అక్షరాలు. అరుదైన అక్షరానికి పేర్లు కూడా అరుదుగానే ఉంటాయి. మా ఊళ్ళో ఝతో మొదలయ్యే పేరు ఒక్కటే, దానయ్య మామ బిడ్డ ఝాన్సీ. ఠ ఉన్న పేరు ఒక్కటే, ఆటో నడిపే విఠల్. బాపుకు అక్షరం చెబితే ఊరు గుర్తొస్తుంది, ఊళ్ళో మనిషి గుర్తొస్తాడు. అంతకు మించి ఆయన ఏమీ ఆలోచించలేదు, షీటు చూసిన నేనూ ఆలోచించలేదు. 'ఝ' ఎంత బాగా కుదిరిందోనని మురిసి, నా పనికి పోయాను. అమ్మకు చదువు రాదు, తాడు మీద ఆరేసింది.

ఝాన్సీ నల్గొండలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. పొద్దున నకిరేకల్ బస్సు అందుకోవడానికి రోజూ ఎక్కేది విఠల్ ఆటోనే, ఇంకో ఏడుగురితో కలిసి. ఆమెకు ఆలంపూర్ దగ్గర ఒక ఊరి పిల్లగానితో సంబంధం మాట్లాడుకున్నారు. పేరు సునీల్, బడిలో సారు. దానయ్య మామ వాళ్ళు క్రైస్తవులు. ఆయన తండ్రి తరం వరకు సెంటు భూమి లేనివాళ్ళు. ఈయన కూలి చేసి, కౌలు చేసి, రెండెకరాలు కొని, బిడ్డను చదివించాడు. విఠల్ వాళ్ళది వేరే కులం, అన్నదమ్ములు కోపిష్టి మనుషులు. ఇటువంటి రెండు పేర్లు ఒకచోట వినబడితే మా జిల్లాలో ఆ మాట ఎక్కడిదాకా పోతుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

హోటల్ బోర్డు గురించి మాట్లాడడానికి వచ్చిన ఒకాయన, తాడు మీది షీటు ముచ్చటగా ఉందని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. దాన్ని ఎవరికి పంపాడో, వాళ్ళు ఎవరికి పంపారో తెలియదు. ఆ ఫోటోలో తాడు లేదు, వాకిలి లేదు. చిలుకలు వాలిన రెండు పేర్లు, పైన శుభ వివాహం, అంతే ఉన్నాయి. మధ్యాహ్నానికి అది ఆలంపూర్ చేరింది. అక్కడి నుంచి ఫోను వచ్చేదాకా దానయ్య మామకు సంగతి తెలియదు.

ఆయన అరుస్తూ రాలేదు. అట్లా వచ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. చెప్పులు బయట విప్పి, లోపలికి వచ్చి, బాపు ముందు కింద కూర్చున్నాడు. నేను అన్నానికి వచ్చి ఇంట్లోనే ఉన్నాను.

"సత్తన్నా, నా బిడ్డ లగ్గం నువ్వు చేస్తున్నవా?"

బాపుకు అర్థం కాలేదు. దానయ్య మామ ఫోను చూపించాడు.

"గది ఝ కోసం రాసిన దానయ్యా."

"ఝ కోసం నా బిడ్డే దొరికిందా?"

"ఊర్లె ఇంకో ఝ లేదు గదనే" అన్నాడు బాపు. అని, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

అమ్మ లేచిపోయి తాడు మీది షీట్లన్నీ లాగి, తడివి పొడివి ఒకదాని మీద ఒకటి చుట్టేసింది. సాయంత్రం ఝాన్సీ డ్యూటీ దిగి విఠల్ ఆటో ఎక్కకుండా బస్టాండు నుంచి నడిచి వచ్చింది. మా ఇంటి ముందు నుంచే పోయింది, ఇటు చూడలేదు. విఠల్ ఆటో తీసుకుని తన అక్క ఊరికి పోయాడు. పోయే ముందు మా వాకిట్లో దిగి, నన్ను సంపుతరు పెద్దనాయినా అని మాత్రం అన్నాడు. అతని గొంతులో హాస్యం లేదు.

బాపు ఆ షీట్ల చుట్టనంతా ఒక ప్లాస్టిక్ గొట్టంలో పెట్టించి, ఆలంపూర్ పోదామన్నాడు. బస్సులు మారుతూ ముగ్గురం పోయాం, దానయ్య మామ, బాపు, నేను. దారి పొడవునా దానయ్య మామ కిటికీలోంచి బయటికే చూశాడు. బాపు కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం, సిగ్గుగా ఉంది చెప్పడానికి, మిగిలిన ముప్పై నాలుగు అక్షరాలూ వరుసగా మనసులో చదువుకుంటూ పోయాను. అట్లా చదువుతుంటేనే నా గుండె కొంచెం నెమ్మదించేది.

ఆ ఇంట్లో పెత్తనం సునీల్ నాయనమ్మది. పేరు జ్ఞానమ్మ. ముగ్గురినీ మంచం మీద కూర్చోబెట్టి, తను పీట మీద కూర్చుని, ఏమి చెబుతారో చెప్పండన్నట్టు చూసింది. బాపు మాటలు చెప్పలేదు. గొట్టం విప్పి షీట్లన్నీ నేల మీద పరిచాడు. ఘనశ్యాం, ఛాయాదేవి, ఫకీరయ్య, షరీఫా, ఊళ్ళో ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, ఇల్లంతా పెండ్లిజంటలు. సునీల్ గోడకు ఆనుకుని నిలబడి చదువుతున్నాడు. అవ్వకు చదువు రాదు, ఒక్కొక్కటి చదివించుకుంది.

"ఇంతమందికి లగ్గాలు జేసినవ్. పప్పన్నం ఎవరు వెట్టిన్రు?" అంది.

సునీల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. అవ్వ నవ్వలేదు. కోడలు చాయ్ తెచ్చింది, నిండు గ్లాసులు. నేను బాపును చూశాను. వద్దనడానికి ఆయనకు మొహమాటం. గ్లాసు అందుకున్నాడు. పొద్దున వేసుకున్న గోలీ ప్రభావం ఎప్పుడో అయిపోయింది. చాయ్ షీట్ల మీద, అంగీ మీద, నేల మీద ఒలికింది. ఆయన రెండో చేత్తో పట్టుకుని ఆపబోతే ఇంకా ఒలికింది. అవ్వ లేచి వచ్చి ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని, సగం తన గ్లాసులో పోసుకుని, మిగిలిన సగం మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.

"గీ చెయ్యి ఉండంగనే అక్షరాలు దాసుకుంటున్నరా?" అని నన్ను అడిగింది. తల ఊపాను. ఆమె దానయ్య మామ వైపు తిరిగి, మీ పిల్లను మేము వద్దంటలేమని చెప్పింది.

అక్కడితో ఐపోయేది. బాపు ఊరుకోలేదు. రెండు ఇండ్ల గోడలూ తానే రాస్తానన్నాడు, పైస ముట్టనన్నాడు. దానయ్య మామ వద్దన్నాడు, వినలేదు. తిరుగు బస్సులో నేను మెల్లగా ఎత్తాను.

"ఇంకా ముప్పై నాలుగు ఉన్నయి బాపూ. ముందు అవి అయిపోతే..."

"ఉంటే ఉండనీ. ఇగ ఉత్త పెండ్లిళ్లు రాయ. ఉన్న చెయ్యి ఉన్నోళ్లకు రాస్త."

ఆ తర్వాత ఎన్ని విధాలుగా అడిగినా షీటు ముట్టలేదు. దానయ్య మామ ఇంటికి సున్నం వేశారు. బాపు పొద్దున్నే గోలీ వేసుకుని, మోచెయ్యి కింద చేతికర్ర ఆనించి, రోజుకు కొంచెం కొంచెం రాశాడు. క్రైస్తవుల ఇల్లు కదా, చిలుకల బదులు పావురాలు పెట్టమంటావా అని అడిగితే, చిలుకలే ఉండనీ అన్నా, అవి గూడ దేవుడు జేసినవే అన్నాడు దానయ్య మామ. ఊరంతా వచ్చి చూసిపోయింది. ఆ గోడ చూసినాక ఫోన్లో ఫోటో మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. విఠల్ కూడా తిరిగి వచ్చాడు, పెండ్లికి సామాను అతని ఆటోలోనే తెచ్చారు. అందరూ సంతోషంగా ఉంటే నేను ఒక్కణ్ణే ఆ గోడ ముందు నిలబడి అక్షరాలు లెక్కపెట్టాను. ఝ ఉంది, మాకు వచ్చినదే. న్స వచ్చినదే. సునీల్‌లో అన్నీ వచ్చినవే. ఉన్న కాస్త చెయ్యీ ఉన్న అక్షరాలకే ఖర్చయిపోతోంది. వాళ్ళు శుభ వివాహం అనరు, పరిశుద్ధ వివాహం అంటారు. అందుకని ద కింద ధ ఒత్తు ఒక్కటి మాత్రం కొత్తగా దక్కింది. ముప్పై నాలుగు ముప్పై మూడైంది.

ఆలంపూర్ గోడకు దానయ్య మామ తీసుకుపోయాడు, నేను పోలేదు. అవే పేర్లు, అదే మాట. లెక్క ప్రకారం ఆ గోడ మీద కొత్త అక్షరం ఉండడానికి వీలు లేదు, పోవడం దండుగ అనుకున్నాను. బాపు తిరిగి వచ్చి కుంచెలు కడిగి కట్ట కట్టాడు. మళ్ళీ విప్పలేదు. ఆ చలికాలానికి చెంచా పట్టుకోవడం కూడా కష్టమైంది, అమ్మ కలిపి పెట్టేది. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను ఆయన ముందు ఫాంటు మాట తేలేదు. ఆయనే ఒకసారి నా దుకాణానికి వచ్చి, కంప్యూటర్లో తన 'మ' ఒరిగి నిలబడి ఉండడం చూసి, కుదిరిందన్నట్టు తల ఊపాడు.

ఆయన పోయినాక నేను ఊళ్ళు తిరిగాను. మిగిలిన గోడలను ఫోటో తీసి, రాలిన సున్నం మధ్య వెతికి, పదమూడు అక్షరాలు సంపాదించాను. అట్లా బాకీ ఇరవై దగ్గర నిలిచింది. లేనివాటిని ఉన్నవాటి నుంచి కోసి అతికించమని చాలామంది సలహా చెప్పారు. చెయ్యవచ్చు, ఎవరూ గుర్తుపట్టరు. నాకు మనసొప్పలేదు. లేనిచోట మామూలు అక్షరం వచ్చేటట్టు పెట్టాను. ఫాంటుకు సత్తయ్య అని పేరు పెట్టి అడిగినవాళ్ళందరికీ ఇచ్చాను.

ఇప్పుడది ఎక్కడపడితే అక్కడ కనబడుతుంది. పుట్టినరోజు ఫ్లెక్సీలు, కోడి పకోడీ బండ్లు, బతుకమ్మ బ్యానర్లు, పెండ్లి కార్డులు, ఫోన్లో పంపుకునే శుభోదయాలు. చిలుకల దిక్కు కోసం రెండు ఫాంట్లు చేశాను కదా, ఎవరూ రెండోది వాడరు. సగం చిలుకలు ద్వారం వైపు కాక కరెంటు స్తంభం వైపో, మురికి కాలువ వైపో చూస్తుంటాయి. నకిరేకల్ సెంటర్లో ఒకనాడు చిన్న వయసులో పోయిన ఒక పిల్లగాని ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ చూశాను. శ్రద్ధాంజలి అని ఉంది, అంతా చిలుకలతో. ఆ ద కింద ఒత్తు ఝాన్సీ పెండ్లిగోడ మీదిది. చావుకు రాయనన్న మనిషి చెయ్యి అది. దాన్ని తీయమని అడగడానికి నేనెవర్ని? గోడరాత అయితే బాపు రానని చెప్పేవాడు. ఫాంటుకు ఆ నోరు లేదు. అప్పుడు ఒక ఊళ్ళో ఒక ఫోటో ఒక పిల్ల సంబంధానికి అడ్డం పడితే, గొట్టంలో షీట్లు పెట్టుకుని బస్సెక్కి పోయి చెప్పివచ్చాం. ఇప్పుడు ఆ అక్షరాలు ఎక్కడ ఏమి చెబుతున్నాయో నాకు తెలియదు, ఏ బస్సెక్కాలో తెలియదు.

పోయిన నెల దానయ్య మామ కొత్త ఇంటి పునాది ప్రార్థనకు ఝాన్సీ వచ్చింది. ఇప్పుడు గద్వాల దవాఖానలో పనిచేస్తోంది, ఇద్దరు పిల్లలు. కూలిన గోడ పెళ్ళల దగ్గర నేను నిలబడి ఉంటే పక్కకు వచ్చింది.

"మా అత్తగారింట్ల గోడ ఇంకా ఉన్నదన్నా. దొడ్డి దిక్కు రాసింది గూడ ఉన్నది. నువ్వు ఎన్నడు సూడనే లేదు గదా?"

దొడ్డి దిక్కు రాసిందేమిటో నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ముందు గోడ అయిపోయినాక జ్ఞానమ్మ అవ్వ బాపును దొడ్లోకి తీసుకుపోయి అడిగిందట. నా లగ్గానికి మాకు గోడే లేకుండె, గుడిసె, గడ్డి మీద పేరు ఎవరు రాస్తరు, ఇప్పుడు రాయి అని. బాపు ఆ సాయంత్రమే రాశాడట, పొద్దటిదాకా ఆగమన్నా ఆగకుండా. అవ్వ పోయి మూడేళ్ళయింది. ఆమె పోయినా ఆ గోడకు సున్నం వేయలేదని చెప్పింది.

మరునాడే పోయాను. ఆలంపూర్ దాకా ఆ బస్సుల్లోనే. ఆ దొడ్లో, పశువుల కొట్టం పక్కన, మనిషి ఎత్తున ఉంది రాత. జ్ఞానమ్మ, థామస్. పైన పరిశుద్ధ వివాహం. చిలుకలు దొడ్డి తలుపు వైపు చూస్తున్నాయి. జ కింద వేలాడే ఒత్తు నా దగ్గర లేదు. థ నా దగ్గర లేదు. లెక్క ప్రకారం ఉండే వీలు లేదని వదిలేసిన గోడ మీద రెండూ ఇన్నాళ్ళూ ఎండుతూ ఉన్నాయి. కానీ గీత ఎక్కడా తిన్నగా లేదు. గోలీ లేని సాయంత్రపు చెయ్యి అది. థ గుండ్రం చుట్టూ అంచు అలలు అలలుగా, చిలుక ముక్కు కూడా రెండుసార్లు గీసినట్టు. నేను గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. సునీల్ కుర్చీ తెచ్చి వేసి లోపలికి పోయాడు.

ఇంటికి వచ్చి వాటిని కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు, గీతలు నున్నగా చేయడానికి మౌస్ మీద వేలు పెట్టి తీసేశాను. వణుకుతో సహా అట్లాగే ఉంచాను. అప్పట్లో థ ఉన్న పేరు ఏడాదికి ఒకటి రాస్తే గొప్ప. ఇప్పుడు పిల్లలకు పెట్టే పేర్లలో ప్రతి మూడో పేరులో థ ఉంటుంది. మొన్న ఒకాయన కొడుకు అథర్వ పుట్టినరోజు ఫ్లెక్సీ తీసుకుపోతూ, వేలు పెట్టి చూపించాడు.

"గీ అక్షరం మంచిగ ఎగురుతాందన్నా. అన్నీ ఇట్లనే ఎందుకు పెట్టలేదు?"

ఫ్లెక్సీ చుట్టి అతని చేతికిచ్చాను. అతను పోయినాక ఎప్పటిలాగే లెక్క చూసుకున్నాను. నూట ఎనభై నాలుగులో నూట అరవై ఆరు వచ్చాయి. నిలబడి ఉన్నవి, మా చుట్టుపక్కల మూడు గోడలు, ఆలంపూర్ దిక్కు రెండు, నేనెరగనివి ఎన్నో తెలియదు. బాపు నుంచి రావలసినవి ఇంకా పద్దెనిమిది.